తొలినాటి రష్యన్ కథల్లో గ్రహయాత్రలు: వాళ్లు భూమి వదిలింది దేనికోసం?

సుధ_విజయనగరం:
అందరికీ నమస్కారం. అలెగ్జాండర్ బోగ్దానోవ్ 1908లో రాసిన ‘ఎర్ర నక్షత్రం’ నవలను ఇంగ్లీషులో చదివి ముగించాను. 1905 విప్లవం నాటి రష్యాలో లియొనిద్ అనే కార్యకర్త దగ్గరికి మెన్నీ అనే ఆయన వస్తాడు. అంగారకుడి నుంచి వచ్చినవాడని తరవాత తెలుస్తుంది. మా లోకానికి రా, మా బతుకు చూడు, రెండు లోకాలకీ మధ్యవర్తిగా ఉండు అని పిలుస్తాడు. ఇతను వెళ్తాడు. అక్కడ డబ్బు లేదు, యజమానులు లేరు. ఏ ఫ్యాక్టరీలో ఎంతమంది పనివాళ్లు తక్కువయ్యారో, ఎక్కడ ఎక్కువయ్యారో లెక్కలు ఎప్పటికప్పుడు అందరికీ కనబడుతుంటాయి. ఇష్టమైనవాళ్లు అవసరమైన చోటికి వెళ్లి పని చేస్తారు.

జూల్ వెర్న్ కథల్లో ఫిరంగీ, గుండూ, వాటి కొలతలూ ముఖ్యం. వెల్స్ కథల్లో యుద్ధం వస్తుంది. ఈ రష్యన్ కథల్లో మాత్రం వేరే గ్రహానికి వెళ్లినవాడు అక్కడివాళ్లు ఎలా బతుకుతున్నారని అడిగి తెలుసుకోవడానికే వెళ్లినట్టు ఉంటుంది. ఇది బోగ్దానోవ్‌తో మొదలైందా, అంతకుముందు నుంచీ ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి.

పాతపుస్తకాల_శాస్త్రి:
అమ్మా సుధా, చాలా ముందు నుంచే ఉంది. 1784లో వసీలీ లేవ్‌షిన్ అనే ఆయన బేలెవ్ అనే చిన్న ఊళ్లో కూర్చుని ‘సరికొత్త యాత్ర’ అని ఒక కథ రాశాడు. నర్సీమ్ అనేవాడు గద్దను పరీక్షించి, రెక్కలు కట్టిన యంత్రం చేసుకుని చంద్రుడి మీదికి ఎగురుతాడు. మోంగోల్ఫియే సోదరుల బెలూన్ ఫ్రాన్సులో గాలిలోకి లేచింది 1783లో. ఏడాది తిరక్కుండానే ఇక్కడ చంద్రుడి దాకా వెళ్లిపోయారు. అక్కడ నర్సీమ్‌కి కనబడేది సైన్యం లేని సమాజం. అందరూ దున్నుకునేవాళ్లు, పశువులు కాచుకునేవాళ్లు, ఇంటి పెద్ద మాటే చట్టం. ఆ తరవాత చంద్రుడి మనిషి ఒకడు భూమికొచ్చి మనల్ని చూసి దిగులుపడతాడు. కాథరీన్ రాణి ఏలుబడిలో, రైతులు భూస్వాముల సొత్తుగా ఉన్న దేశంలో రాసిన కథ అది. దూరపు లోకాన్ని చూపించి దగ్గరి లోకాన్ని ప్రశ్నించడం రష్యన్ కథకు పుట్టుకతో వచ్చిన అలవాటు.

1830లలో వ్లదీమిర్ ఒదోయెవ్‌స్కీ ‘4338వ సంవత్సరం’ మొదలుపెట్టి పూర్తి చేయలేకపోయాడు. తోకచుక్క భూమిని కొట్టబోతోందన్న కబురు మధ్య, పీటర్స్‌బర్గ్ చూడవచ్చిన చైనా విద్యార్థి రాసే ఉత్తరాలు అవి. ఉన్నంత మేరకు కలిపి అచ్చయింది 1926లో.

దస్తయేవ్‌స్కీని కూడా ఈ వరసలో చేర్చాలని నా పట్టు. 1877లో ఆయన రాసిన ‘ఒక హాస్యాస్పదుడి కల’లో ఒకడు కలలో భూమిలాంటి ఇంకో గ్రహానికి పోతాడు. అక్కడివాళ్లకు అబద్ధం అంటే తెలియదు. వీడే నేర్పుతాడు, వాళ్లు చెడిపోతారు. మూడేళ్ల తరవాత ‘కరమజోవ్ సోదరులు’లో సైతాను ఇవాన్‌తో మాట్లాడుతూ ఉంటే గొడ్డలి ప్రస్తావన వస్తుంది. ఆకాశంలో గొడ్డలిని వదిలేస్తే ఏమవుతుందని ఇవాన్ అడుగుతాడు. చాలా దూరం వెళితే భూమి చుట్టూ తిరుగుతుంటుంది, ఖగోళ శాస్త్రజ్ఞులు దాని ఉదయాస్తమయాలు గణించి పంచాంగంలో వేసుకుంటారు అంటాడు సైతాను. ఆ మాట 1880 నాటిది. నవల మధ్యలో, జ్వరంతో పలవరిస్తున్న మనిషి ఎదురుగా, కక్ష్యలో తిరిగే వస్తువు.

లెక్కల_మాస్టారు:
శాస్త్రి గారూ, గొడ్డలి సంగతి గుర్తుచేసినందుకు సంతోషం. నేను రాకెట్ సూత్రం రాసిన త్సియొల్కోవ్‌స్కీ దగ్గర మొదలుపెడతాను.

ఆయన 1857లో పుట్టాడు. పదేళ్లప్పుడు స్కార్లెట్ జ్వరం వచ్చి వినికిడి దాదాపు పోయింది. బడి మానేసి పుస్తకాలతోనే చదువుకున్నాడు. తరవాత బొరోవ్‌స్క్‌లోనూ, 1892 నుంచి కలూగాలోనూ లెక్కలు చెప్పే పంతులు. వినడానికి రేకుతో పొడవాటి గొట్టాలు సొంతంగా చేసుకునేవాడు. 1893లో ‘చంద్రుడి మీద’ అనే ఆయన కథ అచ్చయింది. ఒకడు నిద్రలేచేసరికి తనూ తన భౌతికశాస్త్ర మిత్రుడూ చంద్రుడి మీద ఒక ఇంట్లో ఉంటారు. ఎలా వచ్చారో తెలియదు, కథకు ఆ గొడవే లేదు. ఒళ్లు తేలిగ్గా ఉంది. గోడ గడియారం లోలకం మెల్లగా ఊగుతోంది, జేబు గడియారం మాత్రం మామూలుగా నడుస్తోంది. ఎందుకంటే లోలకం ఊపుకు బరువు కావాలి, స్ప్రింగుకు అక్కర్లేదు. చంద్రుడి ఆకర్షణ మన దాంట్లో ఆరో వంతు కాబట్టి లోలకం ఒక ఊపుకు పట్టే కాలం ఆరుకు వర్గమూలం, అంటే దాదాపు రెండున్నర రెట్లు పెరగాలి. కథలో ముందు గడియారం వస్తుంది, సూత్రం తరవాత. నేను క్లాసులో ఇదే వరసలో చెప్తాను.

ఇంకో ఘట్టం ఉంది. రాత్రి చలి తట్టుకోలేమని వాళ్లు సూర్యుడి వెంట పరిగెడతారు. కాగితం మీద లెక్కేశాను. చంద్రుడి చుట్టుకొలత దాదాపు 10,900 కిలోమీటర్లు. అక్కడ ఒక పగలూ రాత్రీ కలిపి 29న్నర రోజులు, అంటే 708 గంటలు. భాగిస్తే గంటకు 15 కిలోమీటర్ల పైచిలుకు. అదీ మధ్యరేఖ మీద. 60 డిగ్రీల అక్షాంశానికి వెళ్తే అందులో సగమే. ఒళ్లు ఆరో వంతు బరువున్నవాడు సూర్యాస్తమయం కంటే ముందు ఉండగలడు. మన భూమ్మీద మధ్యరేఖ దగ్గర ఇదే పని చేయాలంటే గంటకు 1,670 కిలోమీటర్లు పోవాలి.

కార్తీక్_ఖమ్మం:
మాస్టారూ, లెక్క బాగుంది. కానీ కథగా చదవొచ్చా? నేను ఆయన నవల ‘భూమికి ఆవల’ సగంలో ఆపేశాను. మనుషులే కనబడలేదు. న్యూటన్, గెలీలియో, లాప్లాస్, ఫ్రాంక్లిన్ అని పేర్లు పెట్టుకున్న శాస్త్రజ్ఞులు హిమాలయాల్లో కోటలో కూర్చుని ఒకరికొకరు పాఠాలు చెప్పుకుంటారు. ఒకడికి కోపం రాదు, ఒకడు ప్రేమించడు.

లెక్కల_మాస్టారు:
కార్తీక్, నవలగా అది బలహీనమే. ఆయన 1896లో మొదలుపెట్టాడు. 1918లో ‘ప్రకృతి, మనుషులు’ పత్రికలో కొంత వచ్చి ఆగింది, 1920లో కలూగాలో పుస్తకమైంది. పాత్రల కోసం చదివితే నిరాశే. అందులో మనుషులు ఏం చేస్తారో చూడు. రాకెట్ లేచేటప్పుడు ఒంటి మీద పడే భారం తట్టుకోవడానికి నీళ్లలాంటి ద్రవంలో మునిగి పడుకుంటారు. ఆ ఆలోచనను ఆయన కోడిగుడ్డుతో చూపించాడు. గ్లాసులో ఉప్పునీళ్లు పోసి, గుడ్డు మునగకా తేలకా మధ్యలో నిలిచేలా ఉప్పు కలిపి, గ్లాసును బల్ల మీద గట్టిగా కొడితే గుడ్డు చెక్కుచెదరదు. ఇంట్లో చేసి చూడొచ్చు. గ్లాసు మాత్రం గట్టిది తీసుకో.

పైకెళ్లాక వాళ్లు ముందుగా కట్టేది తోట. పొడవాటి గాజు గొట్టంలో మొక్కలు. అవి మనుషులు వదిలిన గాలి పీల్చి మంచి గాలి, తిండి ఇస్తాయి. ఆ కథ జరిగేది 2017లో. నిజంగానే 2015 ఆగస్టులో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో పెంచిన లెట్యూస్ ఆకును వ్యోమగాములు తిన్నారు.

రేణుక_తార్నాక:
సుధ గారి అసలు ప్రశ్న ‘దేనికోసం’ కదా. ఆ ప్రశ్నకు జవాబు మాస్కోలో ఒక లైబ్రరీలో ఉంది. 1873 నుంచి 1876 వరకు త్సియొల్కోవ్‌స్కీ అక్కడ రొట్టె, నీళ్ల మీద బతుకుతూ చదువుకున్నాడు. ఆ చెర్త్‌కోవ్ లైబ్రరీలో పనిచేసే నికొలాయ్ ఫ్యోదొరోవ్ ఈ కుర్రాడికి కావలసిన పుస్తకాలు వెతికి ఇచ్చేవాడు. ఫ్యోదొరోవ్ సన్యాసిలాంటి మనిషి. పెట్టె మీద పడుకునేవాడు, జీతం పేదలకు పంచేవాడు. ఆయన సిద్ధాంతం ఒకటుంది: మనుషులందరి ఉమ్మడి పని చావును జయించడం, పోయిన తండ్రుల్ని, తాతల్ని విజ్ఞానంతో మళ్లీ బతికించడం. అందరూ లేచొస్తే ఈ భూమి సరిపోదు. అందుకని మిగతా లోకాలకు వెళ్లాలి.

ఇది చదివి ఎవరూ నవ్వొద్దని మనవి. పితృరుణం అనే మాట తెలిసిన మనకు ఇది అంత దూరంగా అనిపించక్కర్లేదు. ఆయన అడిగేది ఒక్కటే: ముందుతరం చచ్చి మనకు చోటిచ్చింది, ఆ బాకీ ఎప్పుడు తీరుస్తాం? ఆ ప్రశ్న నుంచి చూస్తే ఆకాశం నివాసస్థలమవుతుంది. వాళ్లిద్దరూ గ్రహయాత్రల గురించి నేరుగా ఎంత మాట్లాడుకున్నారో తేల్చడం కష్టం. కానీ త్సియొల్కోవ్‌స్కీ రాతల్లో మనిషి అంతరిక్షంలో కాపురం పెట్టడానికే వెళ్తాడు, తిరిగొచ్చి గొప్పలు చెప్పుకోడానికి కాదు.

వేణు_గుంటూరు:
నా అభిప్రాయం వేరు. మీరంతా తత్వం చెప్తున్నారు. ‘ఎర్ర నక్షత్రం’ పార్టీ మనిషి పార్టీవాళ్ల కోసం రాసిన పుస్తకం. 1905 విప్లవం ఓడిపోయింది, కార్యకర్తలు నీరుగారిపోయారు, వాళ్లకు ధైర్యం చెప్పాలి. అంగారకుడిలో మనం గెలిచేశాం చూడండి అని చెప్పాడు. గ్రహం పేరుకే. అలెక్సేయ్ తోల్‌స్తోయ్ నవల ‘ఎలీతా’లో గూసెవ్ అనే సైనికుడు అంగారకుడిని రష్యా సమాఖ్యలో కలిపేద్దామంటాడు. ఇది ప్రచార సాహిత్యం కాకపోతే ఏమిటి?

సుధ_విజయనగరం:
వేణు గారూ, ‘ఎర్ర నక్షత్రం’లో స్టెర్నీ అనే అంగారకవాసి ప్రసంగం ఒకసారి నిదానంగా చదవండి. అంగారకుడిలో వనరులు తరిగిపోతున్నాయి. శుక్రుడికి వెళ్లాలా, భూమికి వెళ్లాలా అని సభ పెడతారు. భూమ్మీది మనుషులతో కలిసి బతకడం కుదరదు, వాళ్లను నిర్మూలించి ఆ గ్రహం తీసుకుందాం అంటాడు స్టెర్నీ. రాక్షసుడిలా అరవడు, లెక్కలవాడిలా చల్లగా చెప్తాడు. అతని కారణాల్లో ఒకటి నాకు ఒళ్లు జలదరింపజేసింది: భూమ్మీద సమసమాజం వచ్చినా ఒకటి రెండు దేశాల్లోనే వస్తుంది, చుట్టూ శత్రువులుంటారు, ఏళ్ల తరబడి ముట్టడిలో బతికి బతికి ఆ సమాజం ఆకారమే మారిపోతుంది, మనం అనుకునే సమసమాజం అది కాదు. ఇది రాసింది 1908లో. అక్టోబర్ విప్లవానికి తొమ్మిదేళ్ల ముందు, లెనిన్‌కు దగ్గరి సహచరుడిగా ఉన్నవాడు! మరుసటి ఏడే ఆయన్ని బోల్షివిక్ వర్గం నుంచి బయటికి పంపారు.

ఆ సభలో నెట్టీ అనే అంగారక స్త్రీ లేచి స్టెర్నీని ఎదిరిస్తుంది. భూమి మనుషులు మనలాంటివాళ్లు కాదు, అందుకే వాళ్లు బతకాలి అంటుంది. తీర్మానం శుక్రుడి వైపు వెళ్తుంది. కానీ ఆ సభ సంగతి విన్న లియొనిద్, అంటే మన భూమి ప్రతినిధి, స్టెర్నీని చంపేస్తాడు. ప్రచారం చేసేవాడు తన కథానాయకుడి చేత ఆదర్శ లోకంలో హత్య చేయించడు కదండీ. అంత మంచి సమాజంలో కూడా ఇతను ఇమడలేకపోయాడు. బట్టల ఫ్యాక్టరీలో పనికి కుదిరి, ఏకాగ్రత నిలవక, పక్కవాళ్లు మెల్లగా వచ్చి సాయం చేస్తుంటే సిగ్గుపడతాడు. ఆ పుటలు నాకు బాగా దగ్గరయ్యాయి.

ఇక ప్రయాణంలో లెట్టా అనే ముసలాయన. ఓడలో ప్రయోగం చేస్తుంటే పేలుడు జరిగి గోడకు చిల్లు పడుతుంది, గాలి బయటికి పోతోంది. ఆయన తన ఒంటిని ఆ చిల్లుకు అడ్డుపెట్టి లియొనిద్‌ను బతికిస్తాడు. వేరే గ్రహం మనిషి కోసం.

డాక్టర్_నెల్లూరు:
బోగ్దానోవ్ గురించి వైద్యం వైపు నుంచి కొంత చెప్తాను. ఆయన అసలు పేరు మలినోవ్‌స్కీ, చదివింది వైద్యం. ఆ నవలలో అంగారకవాసులు యవ్వనం నిలుపుకోవడానికి ఒకరి రక్తం ఒకరు ఎక్కించుకుంటారు. దానం కాదు, మార్పిడి. ఇద్దరి రక్తం ఇద్దరిలో. కండరాలు, బుర్ర, ఆస్తి పంచుకున్నట్టే రక్తం కూడా పంచుకోవాలని ఆయన నమ్మకం.

కథలో రాసి ఊరుకోలేదు. 1924లో తన మీదే మొదలుపెట్టాడు. 1926లో మాస్కోలో రక్త మార్పిడి సంస్థ ఏర్పడింది, ప్రపంచంలో ఆ పనికే పెట్టిన తొలి సంస్థల్లో అది ఒకటి. 1928లో క్షయ, మలేరియా ఉన్న ఒక విద్యార్థితో రక్తం మార్చుకున్నాడు. ఒంట్లో తిరగబడింది. రెండు వారాలు బాధపడుతూనే తన లక్షణాలు తానే రాయించాడు. ఏప్రిల్ 7న పోయాడు. విద్యార్థి బతికాడు. ఏ, బీ, ఓ రక్త వర్గాలు ల్యాండ్‌స్టైనర్ 1901లోనే చెప్పాడు కానీ ఆర్‌హెచ్ అనే ఇంకో వర్గం సంగతి బయటపడింది 1940లో. పదేపదే రక్తం ఎక్కించుకున్నవాడికి ఎన్ని ప్రమాదాలున్నాయో అప్పటికి తెలియదు. లెట్టా చిల్లుకు అడ్డుపడిన ఘట్టం సుధ గారు చెప్పగానే నాకు ఈ మరణమే గుర్తొచ్చింది.

వేణు_గుంటూరు:
స్టెర్నీ ప్రసంగాన్ని నేను విలన్ మాటలనుకుని దాటేశాను. మళ్లీ చదువుతాను. ‘ఎలీతా’ గురించి మాత్రం నా మాట మీదే ఉన్నాను.

రమ_డాలస్:
‘ఎలీతా’కు నేను జవాబిస్తాను, నాకు అత్యంత ఇష్టమైన పుస్తకం అది.

అలెక్సేయ్ తోల్‌స్తోయ్ దాన్ని రాసింది బెర్లిన్‌లో. విప్లవం తరవాత దేశం వదిలి పారిస్, అక్కడి నుంచి బెర్లిన్. 1922-23లో మాస్కో పత్రిక ‘క్రాస్నయా నోవ్’లో ధారావాహికగా వస్తుండగానే ఆయన తిరిగి వెళ్లడానికి సిద్ధమయ్యాడు, 1923లో వెళ్లాడు. ఇది పరాయి దేశంలో కూర్చున్నవాడు తన ఊరి గురించి రాసిన పుస్తకం అని తెలిసి చదవండి, మొదటి పుట నుంచే మారిపోతుంది.

మొదటి పుట ఏమిటి? పెత్రోగ్రాద్‌లో ఒక వీధి. పెచ్చులూడిన గోడ, ఖాళీ ఇల్లు. దాని మీద చిన్న బూడిదరంగు కాగితం మేకుతో కొట్టి ఉంటుంది. ఇంజనీర్ లోస్ ఆగస్టు 18న అంగారక గ్రహానికి బయల్దేరుతున్నాడు, తోడు రాదలచినవాళ్లు సాయంత్రం 6 నుంచి 8 మధ్య ఝ్దానొవ్‌స్కయా గట్టు, 11వ నంబరు ఇంటి పెరట్లో కలవాలి. అద్దెకు గది ఉందని రాసినంత మామూలుగా! దాన్ని ఒక అమెరికన్ విలేఖరి ఆగి చదువుతాడు. ఊళ్లో తిండి లేదు, కిటికీలకు పలకలు కొట్టేసి ఉన్నాయి. ఆ పేదరికం మధ్య పెరట్లో గుడ్డు ఆకారంలో ఓడ కడుతున్నారు.

లోస్ దేనికి వెళ్తున్నాడు? భార్య కాత్యా చనిపోయింది. ఆ దుఃఖం మోయలేక వెళ్తున్నాడు. ఇంతకుముందు ఎవరూ ఒక మనిషిని ఈ కారణంతో అంగారకుడికి పంపలేదని నా నమ్మకం. గూసెవ్ వెళ్లేది యుద్ధాలు అయిపోయి ఇంట్లో కుదురుగా ఉండలేక. అంగారకుడిని రష్యాలో కలిపేస్తాననే మాట అతనిది, రచయితది కాదు. అక్కడ అతను లేపిన తిరుగుబాటు కూడా ఓడిపోతుంది. గెలిస్తే ప్రచారం అనొచ్చు. చివర లోస్ తిరిగొచ్చాక రేడియోలో ఆకాశం నుంచి, అంగారకుడి మీద అతను ప్రేమించిన ఎలీతా గొంతు అతన్ని వెతుకుతూ వినిపిస్తుంది. ఇక్కడ ఇరవై ఏళ్లుగా ఉంటూ అమ్మ ఫోన్ కోసం కాచుకునే నాకు ఆ చివరి పుట తట్టుకోవడం కష్టం.

సినిమా_పిచ్చి_రాజా:
రమ గారూ, సినిమా చూశారా? యాకొవ్ ప్రతజానొవ్ తీసిన ‘ఎలీతా’, 1924 సెప్టెంబర్‌లో విడుదల. కథ చాలా మార్చేశారు. ప్రపంచంలోని రేడియో స్టేషన్లన్నిటికీ అర్థంకాని మూడు మాటలు అందుతాయి, లోస్ అవి అంగారకుడి నుంచే అనుకుంటాడు. ప్రయాణమంతా అతని ఊహ. చివరికి ఆ మాటలు టైర్ల ప్రకటన అని తేలుతుంది, లోస్ ఓడ పటాలు కాల్చేసి పనిలోకి వెళ్తాడు. వేణు గారి ప్రచారం మాట ఈ సినిమాకు అతుకుతుంది.

అలెగ్జాండ్రా ఎక్స్‌టెర్ చేసిన దుస్తులు మాత్రం చూసి తీరాలి. పారదర్శకమైన పలకలు, లోహపు కమ్మీలు, తలల మీద కోణాల అలంకారాలు. పనిమనిషి నడిస్తే కాళ్ల చుట్టూ చట్రం మడతపడి విప్పుకుంటుంది. అదే ఏడు ఆగస్టులో అంగారకుడు భూమికి దాదాపు 5 కోట్ల 60 లక్షల కిలోమీటర్ల దూరానికి వచ్చాడు, అంత దగ్గరికి రావడం చాలా అరుదు. అక్కడి నుంచి సంకేతాలు వస్తాయేమోనని అమెరికాలో రేడియోలు కాసేపు ఆపమని కూడా అడిగారు. ఆ వేడిలో వచ్చిన సినిమా.

ఇంకోటి 1936 నాటి మూకీ, వసీలీ ఝురవ్ల్యోవ్ తీసిన ‘కాస్మిక్ యాత్ర’. చంద్రుడి మీదికి. దీనికి సలహాదారు త్సియొల్కోవ్‌స్కీ. డెబ్బై ఏళ్లు దాటిన వయసులో ఓడ లోపల మనుషులు ఎలా తేలతారో, బయటికి వెళ్లే గది ఎలా ఉండాలో బొమ్మలు గీసి పంపాడు. 1935 సెప్టెంబర్‌లో పోయాడు, సినిమా చూడలేదు.

కార్తీక్_ఖమ్మం:
ఇన్ని ఓడలు చెప్పారు. ఏ ఓడ దేనితో నడుస్తుంది? ఏదైనా నిజమయ్యిందా?

లెక్కల_మాస్టారు:
మంచి ప్రశ్న. లేవ్‌షిన్‌ది రెక్కలు. గాలి లేని చోట రెక్క పనిచేయదు. బోగ్దానోవ్‌ది ‘ఎతెరొనెఫ్’, ఆకర్షణకు బదులు వికర్షణ ఉన్న పదార్థం దాని బరువును పోగొడుతుంది, రేడియోధార్మిక పదార్థం విడివడుతూ దాన్ని నెడుతుంది. అలా వికర్షించే పదార్థం ఎవరికీ దొరకలేదు. లోస్ ఓడ పేలుడు పదార్థాన్ని కొద్దికొద్దిగా పేల్చుకుంటూ పోతుంది, రాకెట్‌కు దగ్గరగా వచ్చింది. ఎందుకంటే త్సియొల్కోవ్‌స్కీ 1903లోనే రాకెట్ సూత్రం అచ్చువేశాడు. ఓడ వేగం ఎంత పెరుగుతుందనేది రెండే అడుగుతుంది: వాయువు ఎంత వేగంగా బయటికి పోతోంది, ఇంధనంతో ఉన్న బరువుకూ ఇంధనం అయిపోయాక ఉన్న బరువుకూ నిష్పత్తి ఎంత. ఆ నిష్పత్తి లాగరిథంలో ఉంటుంది కాబట్టి వేగం రెట్టింపు కావాలంటే నిష్పత్తిని వర్గం చేయాలి. 5 రెట్లున్నచోట 25 రెట్లు. ఆ పేద పంతులు రాత్రిళ్లు ఎందుకు నిద్రపోలేదో ఈ ఒక్క అంకె చెప్తుంది.

అందరూ మర్చిపోయిన ఓడ ఒకటుంది. 1913లో బోరిస్ క్రాస్నొగోర్‌స్కీ ‘ఈథర్ అలల మీద’ అనే నవల రాశాడు. అందులో ఓడకు పలచని లోహపు రేకులతో పెద్ద అద్దం కడతారు. సూర్యకాంతి దాని మీద పడి నెడుతుంటే శుక్రుడి వైపు ప్రయాణం. ఇది ఊరికే పుట్టలేదు. కాంతికి ఒత్తిడి ఉంటుందని మాక్స్‌వెల్ సమీకరణాల్లో ఉన్నా, దాన్ని మాస్కోలో ప్యోతర్ లేబెదెవ్ 1900 ప్రాంతంలో కొలిచి చూపించాడు. గాలి తీసేసిన గాజుబుడ్డిలో సన్నటి తీగకు చిన్న రేకులు వేలాడదీసి, వాటి మీద వెలుగు వేసి, ఎంత తిరిగాయో చూశాడు. ఆ రేకుల్ని నవలాకారుడు ఓడంత పెద్దవి చేశాడు. 2010లో జపాన్ ‘ఇకరోస్’ అనే వ్యోమనౌకను పంపింది, 14 మీటర్ల చదరపు తెరచాప, సూర్యకాంతితో నడక. డిసెంబర్‌లో శుక్రుడి పక్క నుంచి వెళ్లింది. తెరచాప, శుక్రుడు, రెండూ నవలలో ఉన్నవే.

రేణుక_తార్నాక:
మాస్టారూ, లేబెదెవ్ సంగతి చాలా బాగుంది. ప్రయోగశాల నుంచి కథకు, కథ నుంచి ప్రయోగశాలకు దారి రెండువైపులా నడిచింది. రాకెట్ ఇంజనీరు ఫ్రీద్రిఖ్ త్సాందర్‌ను చూడండి. పిల్లలకు ఆస్త్రా, మెర్క్యూరీ అని పేర్లు పెట్టాడు. ‘పదండి అంగారకుడికి’ అనేది ఆయన నినాదం. ఆయన, తరవాత సోవియట్ రాకెట్ల ప్రధాన రూపకర్త అయిన కొరల్యోవ్, ఇంకొందరు 1931లో మాస్కోలో ఒక నేలమాళిగలో రాకెట్ బృందం పెట్టారు. 1933లో టైఫస్‌తో త్సాందర్ పోయాడు. అదే ఏడు అలెగ్జాండర్ బెల్యాయెవ్ ‘శూన్యంలోకి దూకు’ నవలలో రాకెట్ కట్టే ఇంజనీరుకు త్సాందర్ పేరే పెట్టాడు. విప్లవానికి భయపడ్డ ధనికులు డబ్బు పోసి ఓడ కట్టించుకుని శుక్రుడికి పారిపోతారు. 1935 ముద్రణకు త్సియొల్కోవ్‌స్కీ ముందుమాట రాశాడు. బెల్యాయెవ్ వెన్ను క్షయతో ఏళ్ల తరబడి మంచం మీద కదలకుండా గడిపినవాడు. ఆయన మనుషులు ఎగరడం గురించి అంత ప్రేమగా రాశాడంటే అర్థమవుతుంది.

వేణు_గుంటూరు:
రమ గారూ, తిరుగుబాటు ఓడిపోవడం గురించి మీరన్నది నిజం. ప్రచారకుడు అలా రాయడు. అయితే ఇంకో దిక్కు అడుగుతాను. మా లోకం మంచిది, మీకూ ఇస్తాం అని వేరే గ్రహానికి వెళ్లడం తప్పు కాదా అని ఆ రోజుల్లో ఏ రష్యనూ అడగలేదా?

పాతపుస్తకాల_శాస్త్రి:
అడిగాడు నాయనా, యెవ్‌గేనీ జమ్యాతిన్. 1920-21లో రాసిన ‘మేము’ మొదలయ్యేదే ఒక ప్రకటనతో. ‘ఇంటిగ్రల్’ అనే ఓడ 120 రోజుల్లో సిద్ధమవుతుంది, దాంతో వేరే గ్రహాల మీద ఇంకా స్వేచ్ఛ అనే అనాగరిక స్థితిలో ఉన్న జీవులకు లెక్కతప్పని ఆనందం తీసుకెళ్లాలి. వాళ్లు కాదంటే, బలవంతంగానైనా ఆనందపెట్టడం మన బాధ్యత. రాసేది ఆ ఓడ కట్టే ఇంజనీరే, పేరు డి-503. జమ్యాతిన్ తానే ఓడల ఇంజనీరు, మొదటి ప్రపంచ యుద్ధంలో రష్యా కోసం ఇంగ్లండులో మంచు చీల్చే ఓడల పని చూసినవాడు. నాలుగు దిక్కులా బిగించిన రేకుల వాసన ఆయన వాక్యాల్లో ఉంటుంది. ఆ పుస్తకం ఇంగ్లీషులో 1924లో న్యూయార్క్‌లో వచ్చింది. సోవియట్ యూనియన్‌లో అచ్చయింది 1988లో.

సుధా, నీ మొదటి ప్రశ్నకు ఎదురుగా నిలబడే పుస్తకం ఇది. బోగ్దానోవ్ మంచి లోకం చూడటానికి ఇక్కడి మనిషిని పంపాడు. జమ్యాతిన్ మంచి లోకం తన మంచిని మోసుకుని బయల్దేరితే ఏమవుతుందో అడిగాడు.

కార్తీక్_ఖమ్మం:
ఇవన్నీ ఎక్కడ దొరుకుతాయి? తెలుగులో ఉన్నాయా?

పాతపుస్తకాల_శాస్త్రి:
నేను చదివినవి ఇంగ్లీషులోనే. విశాలాంధ్ర వాళ్ల పుస్తకాల వ్యాను ఊళ్లోకి వచ్చే రోజుల్లో మాస్కో ప్రచురణలు కారుచౌకగా దొరికేవి. త్సియొల్కోవ్‌స్కీ కథలున్న ‘ద కాల్ ఆఫ్ ద కాస్మోస్’ అలా సంపాదించాను. మాస్కోలో ఉండి ఉప్పల లక్ష్మణరావు గారివంటి వాళ్లు రష్యన్ సాహిత్యాన్ని తెలుగు చేసిన కాలం అది, వాళ్ల అనువాదాల కోసం ఇప్పటికీ పాత పుస్తకాల కొట్లు గాలిస్తాను. ఇవాళ పాత సోవియట్ పుస్తకాల్ని స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెడుతున్నవాళ్లున్నారు, వెతుకు.

నువ్వు కథ కావాలన్నావు కాబట్టి ‘ఎలీతా’తో మొదలుపెట్టు. తరవాత ‘చంద్రుడి మీద’, చిన్నది, ఒక పూటలో అయిపోతుంది. ‘భూమికి ఆవల’ను చివరికి ఉంచు.

సుధ_విజయనగరం:
అందరికీ ధన్యవాదాలు. వేణు గారూ, మీరు స్టెర్నీ ప్రసంగం మళ్లీ చదువుతానన్నారు, నేను ‘మేము’ తెప్పించుకుంటున్నాను. మీకు కుదిరితే రెండూ కలిపి వచ్చే ఆదివారం ఇక్కడే మాట్లాడదాం. నెట్టీ చెప్పిన జవాబు డి-503 ముందు నిలబడుతుందా అన్నది నాకు తేలాలి.

వేణు_గుంటూరు:
తప్పకుండా. నేను స్టెర్నీ వైపు నుంచి వాదిస్తాను, ఒప్పుకుని కాదు, ఆ వాదనకు ఎక్కడ బలం ఉందో తెలియడానికి. నెట్టీ వైపు మీరు తీసుకోండి.